తాడు పక్కన తెరిచే కత్తి

ఆదివారం పొద్దున్నే నిదానం కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతున్నాడు. ఉన్నవి రెండు గదులు, ఒక వంటిల్లు. అందులో ఎంత తిరిగినా ఎక్కడికి పోతాడు పాపం. కిటికీ దాకా వెళ్ళి వీధిలోకి చూస్తాడు, వెనక్కి వచ్చి కుర్చీలో కూర్చుంటాడు, కుర్చీ వేడెక్కకముందే లేస్తాడు. మధ్యమధ్య కుడిచెయ్యి ప్యాంటు జేబులోకి వెళ్ళి, అక్కడేమీ దొరక్క ఖాళీగా బయటికి వస్తోంది.

ఆ మనిషికి నిదానం అన్న పేరు ఊరికే రాలేదు. ఎత్తయిన మేడల మీంచి తాళ్ళ మీద వేలాడుతూ అద్దాలు తుడవడం అతని పని. ముప్పయ్యో అంతస్తు నుంచి దిగేటప్పుడు కూడా, మోకాళ్ళ నొప్పులున్న ముసలమ్మ మెట్లు దిగినంత తాపీగా దిగుతాడని తోటివాళ్ళు పెట్టిన పేరది. అసలు పేరు హాజరు పుస్తకంలో భద్రంగా ఉంది. ఆ పేరుతో ఎవరైనా పిలిస్తే అతనే వెనక్కి తిరిగి చూడడు. అలాంటివాడికి పన్నెండు రోజులుగా కాలు ఒకచోట నిలవడం లేదు.

"మీరు బయల్దేరేది కత్తి కొనడానికా, యుద్ధానికా?" అంది భార్య. ఆమె మంచం మీద కూర్చుని చొక్కాకి గుండీ కుడుతోంది. "వాడు పదింటికి వస్తానన్నాడంటే పదకొండని అర్థం. ఈలోగా నేల అరిగిపోయేట్టుంది."

వాడంటే ఆమె తమ్ముడు. పనిలో చేరిన మొదటి రోజు తాడు మీద కాళ్ళు ఎలా ఆనించాలో తెలియక గిరగిరా తిరిగాడు కాబట్టి వాడి పేరు బొంగరం. ఐదేళ్ళయింది. ఇప్పుడు తిరగడు గానీ పేరు మాత్రం వదల్లేదు. వాడు ఈ పనిలో చేరతానన్నప్పుడు అక్క అన్నం మానేసి రెండు రోజులు అలిగింది. చివరికి ఒకే ఒక్క షరతు మీద ఒప్పుకుంది. పక్క తాడు మీద బావ ఉండాలి, ఇంకెవరున్నా వీల్లేదు.

"వాడికేమీ కాలేదు కదా, మీరెందుకింత బాధపడతారు?" అంది ఆమె దారం కొరుకుతూ. "మీ దగ్గర కత్తి లేకపోయింది గానీ, ఉంటే ఒక్క నిమిషంలో కోసి పారేసేవారు. నేను అందరికీ అదే చెప్తున్నాను."

అదే వద్దు మహాప్రభో అనుకున్నాడు నిదానం. పైకి ఏమీ అనకుండా మళ్ళీ కిటికీ దగ్గరికి వెళ్ళాడు.

జరిగింది ఇది. పన్నెండు రోజుల కిందట, మంగళవారం మధ్యాహ్నం, పంతొమ్మిదో అంతస్తు దగ్గర బొంగరం మెడకు చుట్టుకున్న తువ్వాలు బ్రేకులో పడింది. మనిషిని తాడు మీద మెల్లగా దించే ఇనుప బిగింపు ఒకటి నడుము పట్టీకి ముందు వైపు ఉంటుంది. దాన్నే వీళ్ళు బ్రేకు అంటారు. పిడి నొక్కితే తాడు అందులోంచి జారుతుంది, మనిషి కిందికి దిగుతాడు. ఆ రోజు తాడుతో పాటు తువ్వాలు కొస కూడా లోపలికి పోయింది. మూరెడు గుడ్డ లోపలికి పోయేసరికి మిగతాది మెడ చుట్టూ బిగిసి, తల వంగి, మొహం బ్రేకు మీదికి వచ్చింది. బొంగరం రెండు వేళ్ళు గుడ్డకీ గొంతుకీ మధ్య దూర్చి, ఆ సందులోంచి గాలి పీల్చుకుంటూ వేలాడాడు. మేస్త్రీ పైనుంచి కప్పీలు కట్టి, తాడుని జానెడు పైకి లాగి, ఆ గుడ్డని వదులు చేసేసరికి పదకొండు నిమిషాలు పట్టింది.

ఆ పదకొండు నిమిషాలూ నిదానం పక్క తాడు మీదే ఉన్నాడు. చెయ్యి చాస్తే అందే దూరం. అతని జేబులో కత్తి కూడా ఉంది. అసలు సంగతి అదీ.

మడత కత్తి, మూడు వేళ్ళ పొడవు, చెక్క పిడి. ఆరేళ్ళుగా జేబులో ఉండి ఉండి పిడి నున్నగా అయింది. తాడు మీదికి కత్తి తేకూడదని అప్పట్లో పని చోట గట్టి రూలు. బరువు మోస్తూ బిగిసి ఉన్న తాడుకి కత్తి అలా తగిలిందంటే చాలు. కానీ అద్దం తుడిచే కర్రకి రబ్బరు మార్చాలన్నా, సబ్బు డబ్బా మూత ఊడదియ్యాలన్నా కత్తి లేనిదే పని జరగదు. కాబట్టి నిదానం రహస్యంగా తెచ్చుకునేవాడు. ఆ రోజు చెయ్యి జేబులోకి వెళ్ళింది, కత్తి బయటికి వచ్చింది, బొటనవేలు దాని మీద పడింది. అక్కడ ఆగిపోయింది. తువ్వాలుకీ తాడుకీ మధ్య రెండు వేళ్ళ ఎడం కూడా లేదు. రక్షణ కోసం రెండో తాడు ఉంటుంది, నిజమే, అదీ అక్కడే, నాలుగు వేళ్ళ అవతల. చెయ్యి వణుకుతోంది. కోస్తే ఏది తెగుతుందో దేవుడికెరుక. నిదానం కత్తిని తెరవకుండానే జేబులో వేసుకుని, బొంగరం భుజాలు పట్టుకుని పైకి ఎత్తి ఉంచాడు. ఎత్తి ఉంచడం తప్ప ఇంకేం చెయ్యలేకపోయాడు.

పైకి చేరాక మేస్త్రీ అడిగాడు. "పక్కనే ఉన్నావు కదరా, ఆ గుడ్డ కోసెయ్యలేకపోయావా?"

"కత్తెక్కడిది మేస్త్రీ? కత్తుంటే ఒక్క నిమిషంలో కోసి పారేసేవాణ్ణి."

మొదటి మాట రూలుకి భయపడి వచ్చింది. రెండో మాట ఎందుకు వచ్చిందో అతనికే తెలియదు. బొంగరం కొంచెం దూరంలో నీళ్ళ తొట్టికి ఆనుకుని, కళ్ళు మూసుకుని దగ్గుతున్నాడు. మెడ చుట్టూ ఎర్రటి వాత.

ఆ సాయంత్రమే నిదానం కత్తిని బస్టాపు పక్కన చెత్తకుండీలో పారేశాడు. పీడ విరగడైందనుకున్నాడు గానీ అది అలా విరగడయ్యే పీడ కాదు. ఆ మాట విన్న యజమాని తెల్లారేసరికి కొత్త రూలు పెట్టాడు. ఇకనుంచి ప్రతి జతకీ ఒక మడత కత్తి ఉండి తీరాలి. జతలో ఇద్దరూ కలిసి వెళ్ళి కొనుక్కోవాలి, ఎందుకంటే ఒకరి పీక దగ్గర ఇంకొకరు తెరవాల్సిన కత్తి అది. సోమవారం మేస్త్రీకి చూపిస్తేనే తాడు ఎక్కనిస్తారు. అప్పటిదాకా అందరికీ కింద పనులే. లోకంలో అబద్ధాలకి కాళ్ళుండవంటారు. నిదానం చెప్పిన అబద్ధం లేచి నిలబడి నోటీసు బోర్డు కూడా ఎక్కింది.

నోటీసు బోర్డుతో అతనికి పేచీ లేదు. బాధంతా జత గురించి. తాడు మీద దిగేముందు ఒకరి ముళ్ళు ఇంకొకరు లాగి చూసి 'ఉంది' అనాలి. రూలు అదీ. కానీ ఐదేళ్ళు కలిసి వేలాడాక లాగి చూడటం పోయి, అడగడం ఒక్కటే మిగిలింది. 'ఉందా' అంటాడు బొంగరం. 'ఉంది' అంటాడు నిదానం. బొంగరం ఇంకేం చూడకుండా గోడ దాటి శూన్యంలోకి అడుగేస్తాడు. ఇప్పుడు నిజం చెబితే ఆ జత పోతుంది. చెప్పకపోతే సోమవారం మళ్ళీ 'ఉంది' అనాలి, ఆ మాట గొంతులోంచి వచ్చేట్టు లేదు. అడకత్తెరలో పోకచెక్క అంటే ఇదేనని నిదానానికి నలభై ఒకటో ఏట బోధపడింది.

పదకొండు గంటలకి బొంగరం వచ్చాడు. చొక్కా కాలరు పైకెత్తి పెట్టుకున్నాడు. వాత పచ్చబడింది గానీ ఇంకా పోలేదు. చంకలో చుట్టగా చుట్టిన రెండు బారల తాడు ముక్క.

"అదెందుకురా?" అంది అక్క.

"షాపులో కత్తి పదును చూపించమంటే కాగితం కోసి చూపిస్తారక్కా. మేము కాగితం మీద వేలాడం కదా." వాడు బావ వంక తిరిగాడు. "పద బావా. తడిగుడ్డతో గొంతు కోస్తారని వినడమే గానీ, అనుభవించింది ఈ వంశంలో నేనొక్కణ్ణే. ఇకనుంచి పొడి కత్తి చాలు."

అక్క నవ్వింది. నిదానం నవ్వలేకపోయాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు అతని చెయ్యి మళ్ళీ జేబు మీదికి వెళ్ళింది. తడిగుడ్డ మాట వీడు ఊరికే అన్నాడా, కావాలని అన్నాడా? బస్సు ఎక్కాక కూడా అదే ఆలోచన. బొంగరం కిటికీ పక్కన కూర్చుని ఎత్తుగా కనిపించిన ప్రతి మేడకీ ఎన్ని అంతస్తులో లెక్కపెడుతున్నాడు. నిదానానికి సీటు దొరికినా కూర్చోలేదు. రాడ్డు పట్టుకుని నిలబడి, ఇప్పుడు చెప్పాలి, వచ్చే స్టాపులో చెప్పాలి అనుకుంటూ ఏడు స్టాపులు దాటించాడు.

మొదట వెళ్ళింది పెద్ద షాపుకి. అద్దాల బల్ల కింద కత్తులు నగల్లా వెలుగుతున్నాయి. మెడకి టై కట్టుకున్న కుర్రాడొకడు వచ్చి, వీళ్ళ మొహాలు చూసి, వీళ్ళకేం కావాలో తనే నిర్ణయించేశాడు.

"ఇది చూడండి సార్. పన్నెండు పనులు చేస్తుంది. సీసా మూత తీస్తుంది, స్క్రూ తిప్పుతుంది, గోళ్ళు తీస్తుంది, పళ్ళు కుట్టుకోవడానికి పుల్ల కూడా ఉంది."

"పంతొమ్మిదో అంతస్తులో గోళ్ళు తీసుకునే తీరిక ఉండదు బాబూ," అన్నాడు బొంగరం. "ఒక్క పని చాలు. కొయ్యాలి. ఒంటి చేత్తో తెరుచుకోవాలి, ఎందుకంటే రెండో చెయ్యి నన్ను పట్టుకుని ఉంటుంది."

కుర్రాడు నల్లటి కత్తి ఒకటి తీసి నిదానం చేతికిచ్చాడు. తెరవడం ఎలాగో చూపించబోయేలోపే నిదానం బొటనవేలు దాన్ని తట్టేసింది, రేకు టక్కుమని బయటికి వచ్చింది. లోపలి పట్టీని వేలితో పక్కకి నెట్టి, చూడకుండానే మూసేశాడు కూడా. ఆరేళ్ళ అలవాటు. చేతికి నోటిలాగా అబద్ధమాడటం రాదు మరి.

"సార్‌కి బాగా అలవాటున్న చెయ్యి," అన్నాడు కుర్రాడు మెచ్చుకోలుగా.

నిదానం చెవులు వేడెక్కాయి. "చిన్నప్పుడు ఎప్పుడో," అని గొణిగి కత్తిని బల్ల మీద పెట్టేశాడు. పక్కకి చూస్తే బొంగరం ఇంకో అరలో ఉన్న టార్చిలైట్లని చాలా శ్రద్ధగా చూస్తున్నాడు. అంత శ్రద్ధగా చూడాల్సినవేమీ అక్కడ లేవు.

"ఇది వద్దు," అన్నాడు నిదానం. "ఇంకా పదునైనది కావాలి."

"ఇంతకంటే పదునా సార్?"

"ఒక్క దెబ్బకి తెగాలి. రెండోసారి పెట్టే పని ఉండకూడదు."

కుర్రాడు ఇంకో నాలుగు తీశాడు. సూదిమొన కత్తులు, పైన మెరుపు, కింద మెరుపు. నిదానం ఒకటి ఎత్తుతాడు, దింపుతాడు, రెండోది ఎత్తుతాడు, మళ్ళీ మొదటిది అడుగుతాడు. ఏది పట్టుకున్నా ఆ పదకొండు నిమిషాలే అరచేతిలోకి వస్తున్నాయి. ఇంకొంచెం పదునుగా ఉండుంటే ధైర్యం చేసేవాణ్ణేమో అని మనసుకి ఒక ఆశ. తప్పు కత్తి మీదికి నెట్టెయ్యగలిగితే మనిషికి అంతకంటే హాయి ఏముంది? చివరికి ఏదీ కొనకుండా బయటికి వచ్చేశాడు. బొంగరం వెనకే వచ్చాడు, ఎందుకని అడగలేదు.

అడగకపోవడమే అతన్ని కాల్చేస్తోంది. తిడితే బాగుండు, ఎగతాళి చేసినా బాగుండు.

రెండు వీధుల అవతల ఇనుప సామాన్ల వరసలో ఇరుకు దుకాణం ఒకటి ఉంది. సాన పట్టే పెద్దావిడ నడుపుతుంది. ముక్కు మీదికి జారిన కళ్ళజోడు, మోచేతుల దాకా ఇనుప రజను. కత్తి కావాలంటే గబుక్కున తీసి ఇచ్చే రకం కాదు.

"ఏం కొయ్యాలి?" అంది.

నిదానం చెప్పాడు. తాళ్ళు, బ్రేకు, తువ్వాలు, వేలాడుతున్న మనిషి. ఆ మనిషి వీడేనని బొంగరాన్ని చూపించాడు. ఆవిడ బొంగరం కాలరు కిందికి లాగి వాతని ఒకసారి చూసి, మళ్ళీ కాలరు సర్దింది.

"ఎలాంటిది కావాలనుకుంటున్నావు?"

"అన్నిటికంటే పదునైనది."

"తాడు ముక్క తెచ్చారు కదా, ఇటివ్వండి."

తాడు ఒక కొసని దూలానికి ఉన్న కొక్కేనికి కట్టింది. రెండో కొసకి మేకుల బకెట్టు తగిలించింది. పాతిక కిలోల పైనే ఉంటుంది. బకెట్టు నేలకి జానెడు ఎత్తులో నిలిచింది, తాడు బిర్రుగా బిగిసింది. ఆవిడ అరలోంచి సూదిమొన కత్తి ఒకటి తీసి నిదానం చేతిలో పెట్టింది.

"ఇది నా దగ్గరున్న వాటిలో పదునైనది. ఆ తాడు పక్కన ఈ గుడ్డపీలిక కట్టాను. గుడ్డ కొయ్యి, తాడు జోలికి పోకు."

నిదానం దగ్గరికి వెళ్ళాడు. గుడ్డ కిందికి కత్తి దూర్చాడు. ఎదురుగా ఉన్నది మేకుల బకెట్టు. మనిషి కాదు, మెడ కాదు, బావమరిది అంతకంటే కాదు. అయినా చెయ్యి వణికింది. మొన కొంచెం పక్కకి జరిగింది. తాడుని నరకలేదు, గట్టిగా నొక్కనూ లేదు, ఊరికే తగిలించాడు. తాడు మీది పోగులు చిటచిటమని విచ్చుకుని, సగం పైగా తెగి, మిగతాది బరువుకి తనంతట తనే తెగిపోయింది. బకెట్టు ధడాలున పడి మేకులన్నీ దుకాణమంతా చెల్లాచెదురయ్యాయి.

గుడ్డపీలిక చెక్కుచెదరలేదు.

బొంగరం నేల మీదికి వంగి మేకులు ఏరడం మొదలుపెట్టాడు. నిదానం కత్తిని బల్ల మీద పెట్టి, తనూ కూలబడి ఏరుతున్నాడు గానీ ఏరినవి చేతిలోంచి జారిపోతున్నాయి. ఆ రోజు బొటనవేలు ఇంకొక్క పిసరు కదిలి ఉంటే, ఇవాళ ఏరేది మేకుల్ని కాదు. ఇక దాచడం అతని వల్ల కాలేదు.

"ఒరేయ్," అన్నాడు. "ఆ రోజు నా జేబులో కత్తి ఉంది."

బొంగరం తలెత్తలేదు. "తెలుసు," అన్నాడు.

"తెలుసా?"

"తల కిందికి వంగిపోయి ఉంది కదా బావా. ఆకాశం కనబడలేదు, నేల కనబడలేదు. నాకు కనబడేదల్లా నీ జేబే. చెయ్యి లోపలికి వెళ్ళింది. కత్తి బయటికి వచ్చింది. నీ వేలు వణుకుతోంది." వాడు గుప్పెడు మేకులు బకెట్లో వేశాడు. "తెరవకు బావా, తెరవకు బావా అనుకున్నాను. గొంతు రాలేదు గానీ, వస్తే అరిచేవాణ్ణే. నువ్వది మళ్ళీ జేబులో పెట్టుకున్నాక గానీ నాకు ప్రాణం లేచిరాలేదు."

నిదానం అలాగే నేల మీద కూర్చుండిపోయాడు. పన్నెండు రోజులుగా పిరికితనమని తనని తాను తిట్టుకున్న పనీ, అవతలివాడు దేవుడికి మొక్కుకున్న పనీ ఒక్కటే. గుండెల మీంచి బండ దిగినట్టయింది. ఆ తేలిక ఎంతోసేపు నిలవలేదు.

"మరి నాతో ఒక్క మాట అనలేదేం?"

"నువ్వే చెబుతావని." బొంగరం ఇప్పుడు తలెత్తి చూశాడు. మొహంలో కోపం లేదు, అది చూసే నిదానానికి భయం వేసింది. "తెరవనందుకు నీ కాళ్ళకి దణ్ణం పెట్టాలి బావా. దాని గురించి కాదు. పైకి వచ్చాక లేదన్నావు చూడు, అది. రూలుకి భయపడి మేస్త్రీతో అన్నావనుకున్నాను. సరే. కింద నాతో ఒంటరిగా ఉన్నప్పుడు చెబుతావనుకున్నాను. బస్సులో చెబుతావనుకున్నాను. అక్క నీ గురించి గొప్పగా చెబుతుంటే, నువ్వు గోడ వంక చూస్తూ కూర్చుంటే, ఇవాళ చెబుతాడులే, రేపు చెబుతాడులే అనుకున్నాను."

"చెబుదామనే ఉందిరా. రోజూ చెబుదామనే."

"మొన్న గోడౌన్‌లో నిచ్చెన ఎక్కాను. పట్టుకున్నావా అన్నాను. పట్టుకున్నా అన్నావు. ఐదేళ్ళలో మొదటిసారి వెనక్కి తిరిగి చూశాను బావా. పట్టుకునే ఉన్నావు. అయినా చూశాను. నిచ్చెన మీద అంటే చూడొచ్చు. గోడ దాటేటప్పుడు తిరిగి చూస్తే పడిపోతాం."

సాన పెద్దావిడ తనకేమీ వినబడనట్టు రాయి మీద నూనె పోస్తోంది.

"నిన్న సాయంత్రం మేస్త్రీకి చెప్పాను," అన్నాడు బొంగరం. "జత మార్చమని. కారణం చెప్పలేదు. వేరే వాళ్ళతో కూడా అలవాటు అవ్వాలన్నాను."

"నిన్ననా?"

"నిన్న. శనివారం దాకా ఆగుదామనుకున్నాను. ఆగాను."

ఇవాళ చెప్పాను కదా అనాలని ఉంది నిదానానికి. పన్నెండు రోజులు ఆగినవాడు ఇంకొక్క పూట ఆగలేకపోయాడా అని నిష్ఠూరమాడాలని కూడా ఉంది. ఆ హక్కు తనకెక్కడిది? ఆలస్యం అమృతం విషం అని తనే ఇంట్లో అందరికీ చెబుతుంటాడు, పేరు నిదానమై ఉండి.

"జత మార్చమన్నాక ఇవాళ ఎందుకొచ్చావురా మరి?"

"రేపు నీ పక్కన ఇంకెవడో వేలాడతాడు కదా. వాడి మెడ దగ్గర తెరిచే కత్తి ఇది. ఎలాంటిది కావాలో వాడికి తెలియదు, నీకూ తెలియదు. నాకు తెలుసు." బొంగరం లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు. "అమ్మా, మొన లేనిది చూపించండి. చెయ్యి వణికినా ఫరవాలేనిది."

ఆవిడ ఈసారి వెతకలేదు. ఏది అడుగుతారో ముందే తెలిసినట్టు బల్ల సొరుగులోంచి తీసింది. పొట్టి కత్తి. మొన ఉండాల్సిన చోట గుండ్రంగా, మొద్దుగా ఉంది. అంచు మాత్రం గీత గీసినట్టు తిన్నగా, పదునుగా ఉంది. రేకు మీద బొటనవేలు ఆనేంత రంధ్రం, పిడి చివర తాడు కట్టుకోవడానికి ఇంకో రంధ్రం. నారింజ రంగు పిడి, కింద పడినా కనబడేట్టు. చూడటానికి పిల్లలాట వస్తువులా ఉంది. పెద్ద షాపు కుర్రాడు చూస్తే జాలిపడేవాడు.

బొంగరం మిగిలిన తాడు ముక్కకి మళ్ళీ బకెట్టు కట్టాడు. పక్కన గుడ్డపీలిక కట్టాడు. ఈసారి ముడి దగ్గరగా, తాడుకి ఆనుకుని ఉండేట్టు కట్టాడు.

"కొయ్యి."

నిదానం బొటనవేలితో తెరిచాడు. మొద్దు ముక్కుని గుడ్డ కిందికి పోనిచ్చాడు. చెయ్యి ఇందాకటికంటే ఎక్కువ వణుకుతోంది, దాచే ప్రయత్నం కూడా చెయ్యలేదు. కత్తి వెన్ను తాడుకి ఆనుకుంది, మొద్దు ముక్కు తాడు మీద అటూ ఇటూ జారింది, ఎక్కడా గుచ్చుకోలేదు. మెల్లగా తనవైపు లాగాడు. గుడ్డ తెగి కిందపడింది. తాడు మీద ఒక్క పోగు లేవలేదు.

"ఇంకోసారి," అన్నాడు బొంగరం. "ఎడంచేత్తో."

ఎడంచేత్తో కోశాడు. తర్వాత కళ్ళు మూసుకుని కొయ్యమన్నాడు, కోశాడు. తర్వాత వేళ్ళు నీళ్ళల్లో ముంచి కొయ్యమన్నాడు. పెద్దావిడ గుడ్డపీలికలు చింపి ఇస్తూ ఉంది. ఆరు పీలికలు తెగాక బొంగరం తాడు మీద వేలితో కిందినుంచి పైదాకా తడిమి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఇదే," అన్నాడు.

బయటికి వచ్చి బస్టాపులో నిలబడ్డారు. ఎండ నడినెత్తికి వచ్చింది. నిదానం పొద్దుటిలా అటూ ఇటూ తిరగలేదు. కొత్త కత్తి కుడి జేబులో ఉంది, బరువు తెలుస్తోంది.

"మళ్ళీ ఎప్పుడైనా..." అని మొదలుపెట్టాడు.

"తెలీదు బావా." బొంగరం రోడ్డు వంక చూస్తున్నాడు. "అబద్ధం చెప్పను. నిజంగా తెలీదు. ఇంటికి వస్తాను, భోజనం చేస్తాను, నీ మీద జోకులు వేస్తాను. అవన్నీ మామూలే. పైన సంగతి మాత్రం ఇప్పుడే చెప్పలేను."

వాడి బస్సు ముందు వచ్చింది. మెట్టెక్కి, రాడ్డు పట్టుకుని వెనక్కి తిరిగాడు.

"అక్కకి జత మారిన సంగతి నేను చెప్పను. ఎందుకు మారిందో నువ్వే చెప్పు. ఈసారి పన్నెండు రోజులు చెయ్యకు."

బస్సు వెళ్ళిపోయింది. నిదానం తన బస్సు కోసం ఆగలేదు. ఏడు స్టాపులు నడిచాడు. పద్దెనిమిదేళ్ళ సర్వీసులో అతను అంత వేగంగా నడవడం ఎవరూ చూసి ఉండరు. దారిలో రెండు చోట్ల మాటలు కూడబలుక్కున్నాడు. ముందు రూలు సంగతి చెప్పాలి, తర్వాత తాడూ గుడ్డా ఎంత దగ్గరగా ఉన్నాయో చెప్పాలి, తర్వాత బావమరిది కూడా తెరవకూడదనే అనుకున్నాడని చెప్పాలి, ఆ తర్వాత... ఇల్లు కనబడేసరికి ఆ వరసంతా తీసి అవతల పెట్టాడు. అలా వరస కడుతూనే పన్నెండు రోజులు గడిచాయి.

భార్య తలుపు తీసింది. చెమటతో తడిసిన మొహం చూసి పక్కకి జరిగింది.

"కొన్నారా? ఏదీ, చూపించండి. వాడేడి?"

నిదానం గడప లోపలికి రాలేదు, కత్తి తియ్యలేదు.

"ఆ రోజు నా జేబులో కత్తి ఉంది," అన్నాడు.